షెడ్డు ఉప్పు, ఇంటి ఉప్పు

ఉప్పు డబ్బా మూత తీసిన ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. వెనక నుంచి ఎవరో "ఎవలే అది?" అని అరుస్తారేమోనని. అరిచే మనిషి పోయి చాలా ఏళ్లయింది. డబ్బా నాది, వంటిల్లు నాది, అయినా ఆగుతుంది. ఏళ్ల తరబడి పిల్లలకు సైన్సు చెప్పి పింఛను తీసుకుంటున్న దానికి ఇదేం భయమని మీరు నవ్వొచ్చు. నవ్వండి, నాకేం! నేను పుట్టుకతోనే కంగారు మనిషిని. గ్యాసు కట్టేశానో లేదో అని బస్టాపు దాకా పోయి వెనక్కి వచ్చిన రోజులకు లెక్కే లేదు. కానీ ఈ ఉప్పు భయం ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు. షోలాపూర్‌లో కొంతం చౌక్ దగ్గరి సందులో ఒక ఇల్లు, అందులో నేను పదో తరగతి చదివిన ఏడాది, ఆ ఏడాదిలో ఒక నెల.

పోయిన శనివారం శ్రావణి రాకపోతే ఇదంతా మళ్లీ తవ్వుకునేదాన్ని కాదు. శ్రావణి మా చెల్లెలి మనవరాలు, ఊరి బయట కుంభారిలో ఉంటుంది, పదో తరగతి. వాళ్ల నాన్న బండి మీద ముందు ఒక రేకు పెట్టె, వెనక పిల్లను పెట్టుకుని నీలం నగర్‌లో మా గుమ్మం ముందు దింపి, సాయంత్రం వస్తానని వెళ్లిపోయాడు. ఆ పెట్టె మా నాయినది. కుంభారిలో చెల్లెలికి వచ్చిన కొత్త ఇంట్లో దానికి చోటు చాలడం లేదట. "అక్కకే ఇయ్యిండ్రి, పాత సామాను ఆమెకే పానం" అందట. నేను పెట్టె మీద దుమ్ము తుడుస్తూ ఉండగానే శ్రావణి తన నోటుబుక్కు తీసి నా ఒళ్లో పడేసింది.

"పెద్దమ్మమ్మా, సోమవారం నా ప్రాక్టికల్. ఉప్పు నీళ్లల్ల కరెంటు పంపేది ఉన్నది చూడు, గదే వచ్చింది నాకు. ఈ ఇక్వేషన్ బరోబర్ అయితనే లేదు. ఎన్నిసార్లు రాసినా ఒక దిక్కు ఎక్కువ, ఒక దిక్కు తక్కువ. నాపాస్ అయితనేమో!"

నాపాస్. ఫెయిలనే మాటను షోలాపూర్‌లో మేం మరాఠీలోనే అంటాం. మా వాడలో ఆ మాటను పెద్దవాళ్లు పెద్ద జబ్బు పేరు చెప్పినట్టు గొంతు తగ్గించి అనేవాళ్లు. శ్రావణి మామూలుగానే అంది. ఇన్నేళ్ల తర్వాత అదే ప్రశ్న, అదే సమీకరణం, నా ఒళ్లోనే వచ్చి పడింది.

మా ఇంటికి రెండు వాసనలు ఉండేవి. గుమ్మం దగ్గర అమ్మ కూర్చుని బీడీలు చుట్టే చోట పొగాకు వాసన. తునికాకులు తడిపిన గోనె సంచి, ఒళ్లో చాట, చాటలో పొగాకు, ఆమె వేళ్లు మాట్లాడుతున్నా ఆగేవి కావు. తలుపు వెనక నాయిన చొక్కా తగిలించే మేకు దగ్గర రంగుల వాసన. ఆయన నూలుకు రంగులద్దే షెడ్డులో పని చేసేవాడు. ఆ రోజు షెడ్డులో ఏ రంగు నడిచిందో ఆయన గోళ్లు చూసి చెప్పొచ్చు. నీలి నడిస్తే అన్నం కలిపే చెయ్యి నీలిగా ఉండేది, చెల్లెలు ఆ చేత్తో ముద్ద పెడితే తిననని ఏడ్చేది. సందులో ఇటు నాలుగిళ్లు అటు నాలుగిళ్లు మగ్గాలే. పవర్‌లూమ్ చప్పుడు ఆగితే మాకు నిద్ర పట్టేది కాదు, ఏమైందోనని లేచి కూర్చునేవాళ్లం. ఆ చప్పుడులోనే చదివాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సందులో రెండూ కలిసిన మాట.

అమ్మకు ఒక పట్టుదల ఉండేది. ఉప్పు తినడానికే తప్ప దేనికీ వాడకూడదు. ఉప్పు కింద పడితే ఇంటికి అరిష్టమనేది, తొక్కితే పాపమనేది, పొరుగామె చేబదులు అడిగితే చేతికి ఇవ్వకుండా నేల మీద గిన్నెలో పెట్టేది. ఇంట్లో వాళ్లు కూడా ఆమెను అడగకుండా డబ్బా ముట్టుకోకూడదు. డబ్బాలో ఉప్పు ఎంత వరకు ఉందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలిసేది. కాబట్టి మా సైన్సు బాయి, అంటే టీచరమ్మ, ప్రాక్టికల్‌కు నాకు ఉప్పు నీళ్ల ప్రయోగం ఇచ్చి, "ఇంట్లో చేసి చేసి అలవాటు చేసుకో, సామాను నువ్వే తెచ్చుకోవాలి" అన్నప్పుడు నాకు ముందు వచ్చిన భయం సమీకరణం గురించి రానేలేదు. అమ్మను ఉప్పు ఎట్లా అడగాలి అన్నదే మొదటి భయం.

అడిగాను. చాటలోంచి తల ఎత్తకుండానే అంది, "ఉప్పుల కరెంటు వెడ్తవా? పరీక్షల నాపాసైతే చాట ముందలేసుకొని కూసుంటవ్, గంతే. నా పక్కన జాగ ఉన్నది." అందులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆమె నడుము అప్పటికే వంగిపోయింది, చూపు తగ్గింది, పక్కన ఇంకో జత చేతులు ఆమెకు నిజంగానే కావాలి. మా సందులో పదో తరగతి తప్పిన ఆడపిల్ల రెండోసారి పరీక్ష రాసిందని నేను వినలేదు. నేను గట్టెక్కడమా, ఆ చాట ముందు కూర్చోవడమా, రెండే దారులు.

నాయిన కాళ్లు కడుక్కుంటూ ఈ మాటలన్నీ విన్నాడు. మర్నాడు ఒక సీసా నిండా తెల్లటి పొడి తెచ్చి నా పుస్తకాల పక్కన పెట్టాడు. "ఇంటి ఉప్పు ఎందుకు బిడ్డా, దాంట్ల మట్టి ఉంటది, పెళ్లలుంటయ్. ఇది మా షెడ్డుల ఉప్పు. రంగు నూలుకు వట్టేతందుకు ఏస్తం. కంపెనీ మాల్, ఎంత సాఫుందో సూడు." ఆయన మొహంలో ఆ గర్వం! తన పని చోటు నుంచి బిడ్డ చదువుకు ఒక వస్తువు పనికి రావడం అదే మొదటిసారి. నేను ఆ సీసా మీద కాగితం అంటించి మరాఠీలో 'మీఠ్' అని రాసుకున్నాను, ఉప్పు అని.

సామాను చెప్తాను. అయిపోయిన టార్చి బ్యాటరీలు పగలగొట్టి తీసిన రెండు నల్ల బొగ్గు కడ్డీలు, వాటికి చుట్టిన రాగి తీగలు, నాలుగు కొత్త బ్యాటరీలు, ఒక వెడల్పు గాజు గిన్నె, బాయి ఇచ్చిన రెండు గాజు గొట్టాలు. గిన్నెలో ఉప్పు నీళ్లు పోసి కడ్డీలు నిలబెట్టి, ఒక్కో దాని మీద నీళ్లు నింపిన గొట్టం బోర్లించాలి. కరెంటు పారితే ఒక దాంట్లో హైడ్రోజన్, రెండో దాంట్లో క్లోరిన్ చేరాలి. రెండూ సమానంగా రావాలని సమీకరణం చెబుతుంది. క్లోరిన్ వచ్చిందనడానికి బాయి రెండు గుర్తులు చెప్పింది. బ్లీచింగ్ పొడి వాసన రావాలి, రంగు దారం ముంచితే తెల్లబడాలి. దారానికి మా ఇంట్లో కరువా! నాయిన నీలి దారం తెచ్చాడు.

మొదటి రోజు బుడగలు వచ్చాయి. చెల్లెలు చప్పట్లు కొట్టింది. కానీ వాసన రాలేదు. నీలి దారం నీలిగానే ఉంది. పైగా ఒక గొట్టంలో ఒక వేలెడు గాలి చేరితే రెండో దాంట్లో అరవేలెడే. రెండో రోజూ అంతే. తీగలు మార్చాను, బ్యాటరీలు మార్చాను, ఉప్పు ఎక్కువ వేశాను, తక్కువ వేశాను. ఎప్పుడు చూసినా ఒకటి రెండింతలు, ఒకటి సగం. కడ్డీల నుంచి నల్లటి నలుసులు రాలి నీళ్లు మురికయ్యేవి. పుస్తకం అబద్ధం చెప్పదు, ఉప్పు నాయిన తెచ్చింది, ఇక తప్పు నా చేతుల్లోనే ఉండాలి. నేను తేల్చుకున్నది అదే. అన్నం సయించేది కాదు. బడికి పోతుంటే దారి పొడవునా సమీకరణాన్ని నాలోనే వల్లెవేసేదాన్ని, ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేదాన్ని.

మీకు తెలియాల్సిన ఇంకో సంగతి ఉంది, సిగ్గుగానే చెబుతున్నాను. బాయి ఒకరోజు వరండాలో ఆపి, "వాస్ యేతో కా గ?" అని అడిగింది, వాసన వస్తోందా అని. "హో బాయి, యేతో" అనేశాను. వస్తోంది బాయీ అని! ఆ ఒక్క మాటతో ఆమె నాకు సాయం చేసే దారి నేనే మూసేశాను. నిజం చెబితే "నీకు చేత కాదు, ఇంకొకరికి ఇస్తా" అంటుందేమోనని భయం. చెప్పాక ఆ అబద్ధం ప్రాక్టికల్ రోజున అందరి ముందు బయటపడుతుందని ఇంకో భయం. నెల రోజులు ఆ రెండు భయాల మధ్యే తిరిగాను.

సమీకరణం కూడా కుదిరేది కాదు. కుదరకపోతే నేను ఇష్టమొచ్చినట్టు లోపలి చిన్న అంకెలు మార్చేసేదాన్ని. ఒకరోజు సాయంత్రం నాయిన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకు మరాఠీ అక్షరాలు రావు, ఈ ఇంగ్లీషు అక్షరాలు అసలే రావు, తెలుగు మాత్రం గుండ్రంగా రాసేవాడు. "ఏమున్నయో నోటితోని చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన సంచిలోంచి రంగు దారాల ముక్కలు తీశాడు. సోడియానికి పసుపు, క్లోరిన్‌కు పచ్చ, హైడ్రోజన్‌కు తెలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు. ఏది దేనితో కలిసి ఉంటే ఆ దారాలను కలిపి ముడేశాడు. పసుపూ పచ్చా ఒక ముడి, అది ఉప్పు. రెండు తెలుపులు, ఒక ఎరుపు ఒక ముడి, అది నీళ్లు. చాప మీద ఇటు కొన్ని ముడులు, అటు కొన్ని ముడులు పెట్టించాడు.

"అటు దిక్కు పచ్చయి రెండున్నయ్, ఇటు ఒక్కటే. బరాబర్ కాలే" అన్నాడు.

నేను ఇటు వైపు ముడిలోకి ఇంకో పచ్చ దారం దూర్చబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ముడి ఇప్పొద్దు బిడ్డా. ముడి ఇప్పితే అది వేరే మాల్ అయితది. కావాలంటే ముడికి ముడి ఇంకోటి తెచ్చి పెట్టు."

ఇంకో ఉప్పు ముడి పెట్టాను. అప్పుడు పసుపు ఎక్కువైంది, అటు ఇంకో ముడి పెట్టాను. అది తెలుపునూ ఎరుపునూ లాగింది, ఇటు ఇంకో నీళ్ల ముడి. అంతే, కుదిరింది. ఇటు రెండు ఉప్పులు, రెండు నీళ్లు. అటు రెండు కాస్టిక్ సోడాలు, ఒక హైడ్రోజన్, ఒక క్లోరిన్. బడిలో ఏడాదంతా బుర్రకెక్కనిది చాప మీద ఎక్కింది. తర్వాత నా చేతి కింద చదివిన ప్రతి పిల్లకూ నేను దారాలతోనే చెప్పాను. కానీ ఆ సాయంత్రం సంతోషం ఎంతసేపు? సమీకరణం కుదిరాక గిన్నె ఇంకా పెద్ద అబద్ధంలా కనిపించింది. కాగితం మీద ఒకటికి ఒకటి, గొట్టాల్లో రెండుకు ఒకటి. "నాయినా, వాసన వస్తలేదు" అని ఏడ్చేశాను. ఆయన గిన్నె మీదికి వంగి గట్టిగా పీల్చి చూశాడు. రోజూ బ్లీచింగ్ నీళ్లలో చేతులు పెట్టే మనిషి, ఆ వాసన ఆయనకు తెలియనిదా! నీలి దారాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

ఆ వారంలోనే ఇంట్లో పెద్ద గొడవైంది. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఉప్పు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "డబ్బల చెయ్యి పెట్టిందెవలు? గింత కిందికి పోయింది. నీ పరీక్షల పాడుగాను, ఇంట్ల ఉప్పు పారబోస్తవా?" అని వీపు మీద రెండు వేసింది. నేను ముట్టుకోలేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ రోజు షెడ్డుకు సుట్టి, అంటే సెలవు పెట్టి నాయిన ఇంట్లోనే ఉన్నాడు. ఒంట్లో బాగా లేదన్నాడు, దగ్గుతున్నాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ సందులోకి చూస్తున్నాడు. ఒక్క మాట కూడా నా వైపు మాట్లాడలేదు. ఎప్పుడూ నా పక్షానే ఉండే మనిషి! ఆ రెండు దెబ్బల కంటే అది ఎక్కువ నొప్పించింది, చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను.

ప్రాక్టికల్ రోజు పొద్దున సంచి సర్దుకుంటుంటే, "సీసా నింపి పెట్టిన బిడ్డా" అన్నాడు నాయిన. నింపితే ఏం లాభమని మనసులో అనుకున్నాను. బడి దాకా కాళ్లు ఈడ్చుకుంటూ పోయాను. బయటి బడి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, బల్లలన్నీ చూస్తూ నా దగ్గరికి వచ్చేసరికి నేను తీగలను ఇంకా విప్పుతూ చుడుతూనే ఉన్నాను. బాయి దూరం నుంచి నన్నే చూస్తోంది. నా అబద్ధం ఇంకో నిమిషంలో పగిలిపోతుంది. తీగలు కలిపాను. బుడగలు లేచాయి. కాసేపటికి ముక్కుకు ఘాటుగా ఏదో తగిలింది. నాయిన చొక్కా మీద ఉండే ఆ వాసనే! దారం ముంచాను. నీలి పోయింది. మెల్లగా, నా కళ్ల ముందే, తెల్లబడిపోయింది. నేను ఎంత నివ్వెరపోయానంటే పరీక్షకుడు సమీకరణం రాయమన్న మాట రెండోసారి అన్నాకే వినిపించింది. రాశాను. ముందు రెండు ఎందుకు పెట్టావని అడిగాడు. "గాఠ్ సోడాయచీ నాహీ, సర్" అన్నాను. ముడి విప్పకూడదు సార్ అని! ఆయనకు ఏం అర్థమైందో గాని నవ్వి, మార్కులు వేసుకుని ముందుకు పోయాడు.

గట్టెక్కాను. చాట ముందు కూర్చోలేదు, కాలేజీకి పోయాను. కాలేజీలో ఒకరోజు తెలిసింది, రంగుల షెడ్లలో వాడే ఆ తెల్లటి పొడి తినే ఉప్పు కాదని. అది సోడియం సల్ఫేట్. దాని నీళ్లలో కరెంటు పంపితే నీరే విడిపోతుంది. హైడ్రోజన్ రెండింతలు, ఆక్సిజన్ సగం. క్లోరిన్ అనేది దాంట్లో లేనే లేదు, వాసన ఎక్కడి నుంచి వస్తుంది! నెల రోజులు నా చేతులు తప్పు చేయలేదు, నా కళ్లు తప్పు చూడలేదు. మరి ప్రాక్టికల్ రోజు ఎట్లా వచ్చింది? ఆ రోజు నాయిన సీసాను వేరే బస్తాలోంచి నింపి ఉంటాడు, నా అదృష్టం కొద్దీ అది తినే ఉప్పు అయి ఉంటుంది అనుకున్నాను. నాయినకు మాత్రం చెప్పలేదు. ఎట్లా చెప్పను? ఇంటికి ఎవరు వచ్చినా ఆయన, "మా షెడ్డు ఉప్పుతోనే మా అనసూయ పాసయింది" అనేవాడు, అని అమ్మ వైపు ఓరగా చూసేవాడు. ఆ గర్వం మీద నీళ్లు చల్లడానికి నాకు నోరు రాలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు. మా నాయినను నేను కాపాడానని ఇన్నేళ్లూ లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

శనివారం పెట్టె తెరిచాను. ఒక పంచె, కళ్లద్దాలు, అడుగున ఆయన రంగుల పుస్తకం. రంగు అద్దే వాళ్లు ఏ కొత్త రంగు వేసినా ముందు చిన్న నమూనా తీసి చూస్తారు, ఆ దారం ముక్కను పుస్తకంలో కట్టి, కింద ఏం వేశారో, ఎంతసేపు ఉంచారో రాసుకుంటారు. శ్రావణి పేజీలు తిప్పుతూ ఎరుపులూ ఆకుపచ్చలూ చూసి మురిసిపోతోంది. మధ్యలో ఆగింది.

"పెద్దమ్మమ్మా, గిదేంది? ఒకటి నీలి, ఒకటి తెల్లగ. రెండిటికీ ఒక్కటే పేజీ. ఏం రాసిండు? నాకు తెలుగు సదువరాదు గదా."

వాళ్ల బడి మరాఠీ, వాళ్ల ఫోను మరాఠీ. మాట తెలుగే గాని అక్షరం చేరలేదు. పుస్తకం అందుకుని పైకి చదివాను. నీలి దారం కింద, గుండ్రటి అక్షరాల్లో:

"షెడ్డు ఉప్పు. నాలుగు బ్యాటరీలు. అర్ధగంట. నీలి పోలే."

తెల్ల దారం కింద:

"ఇంటి ఉప్పు. నాలుగు బ్యాటరీలు. పావుగంట. నీలి పోయింది. దగ్గు వచ్చింది."

దాని కింద ఇంకో రెండు వరుసలు. వాటిని ముందు నాలోనే చదువుకున్నాను. శ్రావణి మోచేత్తో పొడిచింది, చదువు చదువు అని.

"సీసాల ఉప్పు మార్చిన. పిల్లకు చెప్పలే. చెప్తే నన్నేమనదు, తనకెందుకు తెల్వలే అని తననే తిట్టుకుంటది."

నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది, బాగానే ఏడ్చాను. ఒక్క అక్షరం అర్థం కాని చదువును ఆయన తనకు వచ్చిన పని లెక్కన పట్టుకుని, సుట్టి పెట్టి ఇంట్లో కూర్చుని, నేను బడికి పోయాక నా గిన్నె పెట్టుకుని, అమ్మ నీళ్లకు పోయిన సందు చూసి ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, నమూనా తీసి చూశాడు. నేను నెల రోజులు నా చేతులనే తిట్టుకున్నాను, ఉప్పును అనుమానించాలని నాకు తోచలేదు. ఆయనకు తోచింది, ఆ ఉప్పు తను తెచ్చిందే అయినా. ఇక ఇన్నేళ్లూ ఎవరు ఎవరిని కాపాడినట్టు?

కథంతా విన్న శ్రావణి పుస్తకంలోంచి తలెత్తింది. "మరి మీ అవ్వ నిన్ను కొట్టినప్పుడన్న మీ నాయిన, నేనే తీసిన అనొద్దా?"

"అనలే. చాయ్ తాగుకుంట కూసున్నడు."

ఇద్దరం నవ్వాం. నాకు ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఎక్కిళ్లు వచ్చాయి. ఈ పిల్ల ఫోనులో ఈ ప్రయోగం వీడియోలు ఎన్నో ఉన్నాయి, ఏ ఉప్పు వేయాలో అందులో ఎవరో ఒకరు చెప్పేస్తారు. అయినా అది కూడా నాలాగే కంగారు పడుతూ గోళ్లు కొరుకుతోంది. మా ఇంటి ఆడపిల్లలకు ఈ భయం ఎవరు కట్టబెట్టారో! దారాలు తెమ్మన్నాను. చాప మీద ముడులు పెట్టించాను, ముడి విప్పొద్దని చెయ్యి పట్టుకున్నాను. తర్వాత వంటింట్లోకి పోయి ఉప్పు డబ్బా మూత తీశాను. చెయ్యి మామూలుగానే ఆగింది. ఆగనిచ్చి, పిడికెడు తీసుకున్నాను.

పావుగంటకు వాసన వచ్చింది, కిటికీ తెరిచినా శ్రావణి దగ్గింది. నీలి దారం తెల్లబడింది. దాన్ని నాయిన పుస్తకంలో ఆ పక్క ఖాళీ పేజీలో కట్టాం. కింద శ్రావణి తన చేతిరాతతో రాసింది:

2NaCl + 2H₂O → 2NaOH + H₂ + Cl₂

"బరోబర్ ఉన్నదా?" అంది.

ఇటు లెక్కపెట్టాను, అటు లెక్కపెట్టాను. నమ్మకం చాలక వేళ్లు మడిచి మళ్లీ ఒకసారి లెక్కపెట్టాను.

"బరాబరే బిడ్డా" అన్నాను.